పియానోలో దొరకని స్వరం: వలస వెళ్లిన అరబ్ కుటుంబాలు సంగీతంలో ఏం వెతుక్కుంటున్నాయి?

క్లుప్తంగా: వలస వెళ్లిన రెండు మూడు తరాల్లో ఇంట్లో అరబిక్ భాష పలచబడిపోతుంది. సంగీతం అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ, అదీ పూర్తిగా నిలవదు. కొత్త దేశపు వాయిద్యాల మీద పలికే స్వరాలు మిగులుతాయి, పలకనివి జారిపోతాయి. జారిపోయినవాటిని మళ్లీ పట్టుకోవాలంటే రక్తసంబంధం ఒక్కటే చాలదు. నేర్పేవాళ్లు, కలిసి వాయించేవాళ్లు, వినడం తెలిసినవాళ్లు కావాలి. అమెరికా, ఫ్రాన్స్, హైదరాబాద్‌లోని బార్కస్ ఈ విషయంలో మూడు వేరువేరు దారులు పట్టాయి.

2023 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగిన కోచెల్లా సంగీతోత్సవంలో ఎలియానా అనే యువ గాయని మొదటి పాట నుంచి చివరి పాట దాకా అరబిక్‌లోనే పాడింది. ఆ ఉత్సవంలో అలా పూర్తిగా అరబిక్‌లో పాడిన తొలి కళాకారిణి ఆమే. ఆమె నజరెత్‌లో పుట్టిన పాలస్తీనా అమ్మాయి. చిలీ మూలాలు కూడా ఉన్నాయి, టీనేజ్‌లో అమెరికా వచ్చింది. మరుసటి ఏడాది అదే ఉత్సవంలో, గాజాలో పెరిగిన సెయింట్ లెవాంట్ అరబిక్, ఇంగ్లిష్, ఫ్రెంచ్ కలగలిపి పాడాడు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఇది మూలాలను వెతుక్కోవడమా, మార్కెట్‌లో చెల్లుతున్న కొత్త ఫ్యాషనా? ఏదో ఒకటే అయి తీరాలన్నట్టు అడగడం వల్ల ఈ చర్చ ముందుకు సాగడం లేదు. అరబ్ సంగీతం సముద్రం దాటినప్పుడు అందులో ఏది మిగిలింది, ఏది పోయింది, పోయినదాన్ని తిరిగి నేర్చుకోవడానికి ఏం చేయాల్సి వస్తోంది అన్నది చూస్తే విషయం తేటపడుతుంది.

ఫారంలో గడి లేని జనం

1880ల నుంచి ఒట్టోమాన్ పాలనలోని లెబనాన్ కొండల నుంచి, సిరియా పట్టణాల నుంచి జనం అమెరికా బాట పట్టారు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్ట్రీట్ చుట్టూ వాళ్లు స్థిరపడిన పేటకు లిటిల్ సిరియా అని పేరు. పెళ్లికో పండక్కో చర్చి హాల్లో చేరి పాడుకునే ‘హఫ్లా’లు అక్కడ మామూలు విషయం. 1920ల నాటికే అలెగ్జాండర్ మలూఫ్ అనే సంగీతకారుడు అక్కడి నుంచి సొంత లేబుల్ మీద అరబిక్ రికార్డులు తెచ్చాడు.

1924లో అమెరికా తెచ్చిన వలస చట్టం ఆ దారిని దాదాపు మూసేసింది. సంగీతానికి దీనివల్ల పడిన దెబ్బ పైకి అంతగా కనిపించదు. కొత్త మనుషులు రాకపోతే కొత్త గాయకులూ రారు, నేర్పేవాళ్లూ రారు. ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యే కొద్దీ పిల్లలు ఇంగ్లిష్‌లోకి జారిపోయారు. 1940లలో బ్రూక్లిన్-బ్యాటరీ సొరంగం కోసం లిటిల్ సిరియాలో చాలా ఇళ్లు కూల్చేశారు. జనం నదికి అవతల, బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూ వైపు సర్దుకున్నారు. వేసవిలో ఆరుబయట రెండు మూడు రోజులు సాగే ‘మహ్రజాన్’ సంబరాల్లోనే చెల్లాచెదురైన కుటుంబాలు కలుసుకునేవి.

జనాభా లెక్కల ఫారంలో వీళ్లకు ప్రత్యేకమైన గడి కూడా లేదు. ‘తెల్లవారు’ అన్న గడిలోనే లెక్కపెట్టేవారు. 2020 లెక్కల్లో మూలం ఏమిటో రాసే వీలు ఇస్తే పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా అని రాసినవాళ్లు 35 లక్షల మంది తేలారు. వీళ్లలో ఇరానీల వంటి అరబ్బేతరులూ ఉన్నారు. వేరే గడి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది 2024 మార్చిలో. కాగితం మీద చోటు లేని అన్ని దశాబ్దాలూ, తామెవరో చెప్పుకోవడానికి వంట, ప్రార్థన, పాట మిగిలాయి.

ఏ స్వరం ఓడ ఎక్కింది, ఏది రేవులో ఉండిపోయింది

అరబ్ సంగీతానికి ఆధారం ‘మకామ్’. మన రాగానికి దగ్గరి చుట్టం అనుకోవచ్చు. దానికీ ఆరోహణ అవరోహణలు, న్యాస స్వరాలు, దానికే సొంతమైన పట్లు ఉంటాయి. మన ఆలాపనలాగా తాళం లేకుండా మనోధర్మంతో సాగే భాగాన్ని ‘తక్సీమ్’ అంటారు. ఒక తేడా ఉంది. మన కచేరీలో ఎత్తుకున్న రాగం చివరిదాకా నడుస్తుంది. అరబ్ గాయకుడు ఒక మకామ్‌లో మొదలుపెట్టి, మధ్యలో రెండు మూడు వేరే మకామ్‌ల ఇళ్లు చూసి మళ్లీ సొంత ఇంటికి వస్తాడు. అలా వెళ్లి తిరిగి రావడంలోనే విద్వత్తు తెలుస్తుంది.

అసలు చిక్కు స్వరస్థానాల దగ్గర వస్తుంది. పియానోలో ఒక స్థాయికి 12 మెట్లు. అరబ్ మకామ్‌లలో చాలావాటికి ఆ మెట్ల మధ్య పలికే స్వరాలు కావాలి. ‘రాస్త్’ అనే మకామ్‌నే తీసుకుంటే, దాని గాంధారం మన సాధారణ గాంధారానికి పైన, అంతర గాంధారానికి కింద నిలుస్తుంది. ‘బయాతీ’లో రిషభం శుద్ధ రిషభానికీ చతుశ్శ్రుతి రిషభానికీ నడుమ ఉంటుంది. 1932లో కైరోలో జరిగిన అరబ్ సంగీత మహాసభకు బార్తోక్, హిండెమిత్ లాంటి యూరప్ స్వరకర్తలు కూడా వచ్చారు. పియానోను అరబ్ సంగీతంలోకి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి గట్టి వాదనల్లో ఒకటి.

‘ఊద్’ అనే వాయిద్యానికి ఆ చిక్కు లేదు. హైదరాబాద్‌లో ఊద్ అనగానే ముందు ధూపం, అత్తరు గుర్తొస్తాయి. రెండింటికీ పేరు ఒకటే, అరబిక్‌లో ఆ మాటకు కర్ర అని అర్థం. వీణకు ఉన్నట్టు దీనికి మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనితే అక్కడ స్వరం. వయొలిన్‌కూ మెట్లు లేవు గనుకే అది మన కచేరీలో కలిసిపోయినట్టు అరబ్ మేళంలోనూ కలిసిపోయింది.

ఇప్పుడు ‘హిజాజ్’ సంగతి చూడాలి. దాని మొదటి నాలుగు స్వరాలు మన మాయామాళవగౌళ పూర్వాంగంలోని సరిగమలు. దానికి దగ్గరి బంధువైన ‘హిజాజ్‌కార్’ అయితే మొత్తంగా మాయామాళవగౌళ స్వరాలే. సంగీతం క్లాసులో పిల్లలు సరళీ స్వరాలతో మొదలుపెట్టేది దీనితోనే. ఇది పియానో మీద పలుకుతుంది, గిటార్ మీదా పలుకుతుంది. అందుకే హిజాజ్ హాయిగా సముద్రం దాటింది. సినిమాలో ఎడారి కనిపించిన ప్రతిసారీ వెనక వినిపించే ‘అరబ్ ధ్వని’ అదే. ఈజిప్టులో, లెబనాన్‌లో, సిరియాలో పెళ్లిళ్లకూ ప్రార్థనలకూ నిత్యం పాడుకునే బయాతీ, రాస్త్ మాత్రం కీబోర్డు ఉన్న ఊళ్లలో నిలదొక్కుకోలేకపోయాయి.

ఒకే తీగ మీద వాయించమన్నప్పుడు

1960లలో కాలిఫోర్నియా కుర్రకారును ఊపేసిన సర్ఫ్ గిటారిస్టు డిక్ డేల్. పుట్టుపేరు రిచర్డ్ మన్సూర్. 1937లో బోస్టన్‌లో పుట్టాడు, తండ్రిది లెబనాన్ మూలం. చిన్నప్పుడు దగ్గరి బంధువు ఒకాయన ఊద్ వాయిస్తుంటే చూశాడు, ఆయన దగ్గరే గోబ్లెట్ ఆకారంలో ఉండే అరబ్ డోలు నేర్చుకున్నాడు. ఒకరోజు ఒక అభిమాని, గిటార్ ఒక్క తీగ మీదే పాటంతా వాయించగలవా అని అడిగాడట. ఊద్ మీద విన్న ‘మిసిర్లూ’ బాణీ డేల్‌కు గుర్తొచ్చింది. దాన్ని ఎన్నో రెట్లు వేగం పెంచి వాయించాడు. 1962లో వచ్చిన ఆ రికార్డు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఆ బాణీ తూర్పు మధ్యధరా తీరమంతటిదీ. గ్రీకులు, అరబ్బులు, యూదులు, ఆర్మేనియన్లు తలా ఒక రకంగా పాడుకున్నారు. పేరులోనే ఈజిప్టు ఉంది, ‘మిస్ర్’ అంటే ఈజిప్టు. మాయామాళవగౌళ నేర్చిన చెవికి ఆ గిటార్ స్వరాలు వెంటనే చిక్కుతాయి.

డేల్ దగ్గర ఏం మిగిలిందో చూస్తే పై సూత్రం అచ్చంగా కనిపిస్తుంది. చేతివేగం మిగిలింది. తన పిక్కింగ్‌కు డోలు దెబ్బలే మూలమని ఆయనే చెప్పుకున్నాడు. హిజాజ్ మిగిలింది, ఎందుకంటే గిటార్ మెట్ల మీద అది పలుకుతుంది. ఇంటిపేరు, భాష, మెట్ల నడుమ స్వరాలు మిగల్లేదు. ఎదురుగా కూర్చుని విన్నవాళ్లలో వాటిని అడిగేవాళ్లూ లేరు.

నైట్‌క్లబ్బు నుంచి వేసవి శిబిరానికి

అరబ్ సంగీతంలో ‘తరబ్’ అనే మాట ఉంది. పాడేవాడూ వినేవాడూ కలిసి చేరుకునే పారవశ్యం అది. గాయని ఒక పట్టు అందంగా దించగానే శ్రోత “యా సలాం!” అంటాడు, ఆ కేక విని ఆమె అదే పట్టును ఇంకో వంకతో అందుకుంటుంది. పద్యనాటకంలో వన్స్ మోర్ పడినప్పుడు నటుడు రెట్టించిన రాగంతో మళ్లీ పద్యం ఎత్తుకునేది గుర్తు చేసుకుంటే ఇది అర్థమవుతుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ నెలకో గురువారం రాత్రి కైరో రేడియోలో పాడే కచేరీల్లో ఒకే పాట గంటదాకా సాగడానికి కారణం ఇదే. అలా వినడం తెలిసినవాళ్లను ‘సమ్మీఆ’ అంటారు. మన మాటలో రసజ్ఞులు.

1950ల నుంచి 70ల దాకా అమెరికాలో అరబ్ సంగీతానికి దొరికిన పెద్ద వేదిక నైట్‌క్లబ్బు. మన్‌హటన్‌లోని ఎయిత్ అవెన్యూ క్లబ్బుల్లో అరబ్బులు, గ్రీకులు, ఆర్మేనియన్లు, టర్కులు ఒకే బ్యాండ్‌లో వాయించేవారు. ఎదుట కూర్చున్న అమెరికన్లు నాట్యం చూడ్డానికి వచ్చినవాళ్లు. వాళ్లకు తక్సీమ్ అక్కర్లేదు, హుషారైన చిన్న ముక్కలు చాలు. దాంతో పాటలు కురచయ్యాయి, ఎలక్ట్రిక్ ఆర్గాన్ వచ్చి చేరింది. ఆ సంగీతకారులను తప్పుపట్టడానికి లేదు. ఇల్లు గడవాలి, పైగా ఆ వేదిక కూడా లేకపోతే వాయిద్యాలు అటకెక్కేవే.

1965 చట్టం వలసల తలుపు మళ్లీ తెరిచాక పరిస్థితి మారింది. లెబనాన్‌లో పుట్టిన ఎ.జె. రేసీ లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో ప్రొఫెసర్‌గా విద్యార్థులకు ఊద్, ‘నయ్’ అనే వేణువు నేర్పాడు. గలిలీలోని తర్షీహాకు చెందిన పాలస్తీనా ఊద్, వయొలిన్ విద్వాంసుడు సైమన్ షాహీన్ 1980లో న్యూయార్క్ వచ్చి, 1982లో నియర్ ఈస్టర్న్ మ్యూజిక్ ఎన్‌సెంబుల్ ప్రారంభించాడు. 1997లో మసాచుసెట్స్‌లోని మౌంట్ హోల్యోక్ కాలేజీలో ఏటా వేసవిలో జరిగే అరబిక్ మ్యూజిక్ రిట్రీట్ మొదలైంది. వారం రోజులు అక్కడే ఉండి నేర్చుకోవాలి.

ఇలాంటి శిబిరాలకు అరబ్ మూలాలున్నవాళ్లూ, లేనివాళ్లూ వస్తారు. అరబిక్ చదవడం రానివాళ్లు పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడం మామూలే. గొంతు లోపలి నుంచి వచ్చే ‘హ’కు ఇంగ్లిష్‌లో అక్షరం లేక, ఫోన్ మెసేజ్‌ల అలవాటుతో 7 అంకె వేస్తారు, ఇంకో కంఠధ్వనికి 3 వేస్తారు. అన్నమయ్య కీర్తనను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని పాడే అమెరికా తెలుగు పిల్లల నోటుబుక్కు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978 నుంచి నడుస్తోంది. అక్కడైనా ఇక్కడైనా పిల్లలు ముందు శబ్దాన్ని పడతారు, అర్థం తరువాత అందుతుంది.

బాగ్దాద్ వెళ్లిన ట్రంపెట్

షికాగో దగ్గర 1977లో పుట్టిన అమీర్ ఎల్‌సఫ్ఫార్ తండ్రి ఇరాకీ, తల్లి అమెరికన్. జాజ్ ట్రంపెట్‌లో పేరు తెచ్చుకున్నాక, 2002లో బాగ్దాద్ వెళ్లి ఇరాకీ మకామ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కొన్ని నెలలకే, 2003 మార్చిలో యుద్ధం వచ్చింది. చాలామంది విద్వాంసులు దేశం విడిచారు. శిష్యుడు వాళ్లను వెతుక్కుంటూ యూరప్ వెళ్లాల్సి వచ్చింది. లండన్‌లో దొరికిన గురువు హమీద్ అల్ సాదీ. బాగ్దాద్ సంప్రదాయంలోని 56 మకామ్‌లూ కంఠస్థమైన విద్వాంసుడిగా ఆయనకు పేరు.

పూర్వీకుల గడ్డ మీదకి వెళ్తే వారసత్వం దొరుకుతుందని సాధారణంగా అనుకుంటాం. ఎల్‌సఫ్ఫార్‌కు బాగ్దాద్ విద్య ఎక్కువగా బాగ్దాద్ బయటే దొరికింది. దేశంతోపాటు గురువు కూడా ప్రవాసంలో ఉన్నప్పుడు, నేర్చుకోవడమంటే ఆ గురువు ఎక్కడుంటే అక్కడికి వెళ్లడమే.

ట్రంపెట్‌కు మూడు మీటలు. అవి 12 స్వరాల కోసమే చేసినవి. నడిమి స్వరాలను అతను పెదవుల బిగింపుతో, గొట్టం జారుడును వాయిస్తూనే కదపడంతో రాబట్టాడు. సంతూర్ కూడా నేర్చుకున్నాడు, పాడటమూ నేర్చుకున్నాడు. 2007లో వచ్చిన ‘టూ రివర్స్’ ఆల్బమ్‌లో జాజ్, ఇరాకీ మకామ్ పక్కపక్కన నడుస్తాయి. అతని అక్క డీనా 1993లోనే ఇండియానా రాష్ట్రంలో ‘సలాం’ అనే బృందం పెట్టింది. ఇరాకీ మకామ్‌ను యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలో చేర్చడం గౌరవమే, కానీ ఆ కళను ముందుకు తీసుకెళ్లేది ఇలా ఏళ్ల తరబడి గురువు ముందు కూర్చునేవాళ్లు.

పారిస్ కేఫ్‌లలో పుట్టిన వారసత్వం

ఫ్రాన్స్ కథ వేరు. అల్జీరియా నుంచి పనికోసం వచ్చిన కార్మికులకు వలసే పాటయింది. దహమానే ఎల్ హర్రాషీ పారిస్ కేఫ్‌లలో మాండోల్ అనే తీగ వాయిద్యం వాయిస్తూ, ఊరు విడిచి పోతున్నవాడిని ఉద్దేశించి ‘యా రాయహ్’ కట్టాడు. దాన్ని రషీద్ తాహా 1990లలో మళ్లీ పాడితే ప్రపంచమంతా విన్నది. తాహా లియాన్‌లో మొదలుపెట్టిన రాక్ బ్యాండ్ పేరు ‘కార్త్ ద సెజూర్’, అంటే నివాస అనుమతి కార్డు. 1986లో ఆ బ్యాండ్ ఫ్రెంచివాళ్లు ప్రేమగా పాడుకునే ఒక దేశభక్తి పాటను అరబ్ వాయిద్యాలతో పాడింది. ఇక్కడి పిల్లలు తాతల ఊరి పాట కోసం వెనక్కి వెళ్లలేదు, వలస బతుకులో పుట్టిన పాటనే వారసత్వంగా అందుకున్నారు.

బార్కస్‌లో దరువు నిలిచింది

అరబ్ వలసంటే అమెరికా, యూరప్ మాత్రమే కాదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బుల పేట హైదరాబాద్‌లోని బార్కస్. ‘బ్యారక్స్’ అన్న మాటే అలా మారింది. వాళ్లను చావుష్‌లు అంటారు. ఇక్కడి అమ్మాయిలను పెళ్లాడి స్థిరపడినవాళ్ల ఇళ్లలో కాలక్రమాన మాట ఉర్దూ అయింది. 1948తో నిజాం సైన్యమూ పోయింది.

మర్ఫా మాత్రం పోలేదు. మర్ఫా డోళ్లు, డఫ్‌లు, కర్రలు, స్టీలు బిందె కలిసి మోగుతుంటే బారాత్ ఎటు పోతోందో రెండు వీధుల అవతలి నుంచే తెలుస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం అశ్వదళంలో పనిచేసిన సిద్దీల చెయ్యి కూడా ఇందులో ఉంది. వాళ్ల పేరుతోనే మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ పేట ఉంది. మర్ఫా బారాత్‌ల నుంచే తీన్‌మార్ అన్న దరువు ఊరంతా పాకింది. గణేశ్ నిమజ్జనంలో, పార్టీ ఊరేగింపులో తీన్‌మార్‌కు చిందేసేవాళ్లలో చాలామందికి దాని వెనక హద్రమౌత్ ఉందని తెలియదు.

అమెరికాతో పోలిస్తే తేడా స్పష్టం. అక్కడ స్వరం కోసం శిబిరం పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ దరువును ఎవరూ ప్రత్యేకంగా కాపాడలేదు, పెళ్లిళ్లు కాపాడాయి. డోలుకు శ్రుతి తగాదా లేదు, పాడేందుకు భాష అవసరం లేదు, ఏ మతం ఊరేగింపులోనైనా ఇముడుతుంది. దరువు అందరిదీ అయింది గానీ, దానిమీద పాడే అరబిక్ పాట, ఆ పాట తెలిసిన చెవులు బార్కస్‌లోనూ తగ్గిపోయాయి. మర్ఫాను చూసి అరబ్ సంస్కృతి ఇక్కడ చెక్కుచెదరలేదని అనేవాళ్లు ఈ సగాన్ని గమనించాలి.

కంప్యూటర్ గీతల మధ్య

కోచెల్లా వేదిక దగ్గరకి మళ్లీ వస్తే, నేటి పాప్ పాటలో ఎక్కువ భాగం కంప్యూటర్‌లోనే తయారవుతోంది. సంగీత సాఫ్ట్‌వేర్‌లు కూడా చాలాకాలం 12 మెట్ల గీతల మీదే నడిచాయి. దాంతో పాత కథే మళ్లీ నడిచింది. భాష అరబిక్, కూనిరాగం హిజాజ్, మిగతాదంతా పియానో లెక్క. స్వరాన్ని పావు మెట్టు దించే బటన్లున్న కీబోర్డులు అరబ్ పెళ్లి బ్యాండ్లకు ఎప్పటినుంచో ఉన్నాయి గానీ, స్టూడియో సాఫ్ట్‌వేర్‌ల దాకా ఆ ఆలోచన రావడానికి ఏళ్లు పట్టింది.

ఖయాం అల్లామీ డమాస్కస్‌లో ఇరాకీ తల్లిదండ్రులకు పుట్టి లండన్‌లో పెరిగాడు. రాక్ బ్యాండ్‌లలో డ్రమ్స్ వాయించి, తర్వాత లండన్‌లోనే ఊద్ నేర్చుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతికి తెలిసిన స్వరం తెర మీద దొరకడం లేదని గుర్తించి, 2021లో ‘లీమ్మా’, ‘అపొటోమ్’ అనే రెండు ఉచిత పరికరాలను బయటికి తెచ్చాడు. బ్రౌజర్‌లో తెరిచి ఏ శ్రుతినైనా కట్టుకోవచ్చు. 2024లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ 12 అనే స్టూడియో సాఫ్ట్‌వేర్ కూడా 12 మెట్లకు బయటి శ్రుతి పద్ధతులను లోపలికి తెచ్చింది.

దీని ప్రభావం రెండు రకాలుగా ఉండొచ్చు. పరికరం అడ్డు తొలగితే బయాతీ, రాస్త్ పాప్ పాటలోకి సులువుగా వస్తాయి. మరోవైపు, చెవి తయారుకాకుండా మీట మాత్రమే తిప్పితే ఆ స్వరం అపశ్రుతిలా వినిపించి, శ్రోత మళ్లీ హిజాజ్ దగ్గరకే వెళ్తాడు. డెట్రాయిట్ ప్రాంతంలో నేషనల్ అరబ్ ఆర్కెస్ట్రా లాంటి బృందాలు పనిచేస్తున్నాయి. 2011 యుద్ధం తర్వాత సిరియా నుంచి వెళ్లిన ఊద్, కానూన్ వాద్యకారులు జర్మనీ నగరాల్లో పాఠాలు చెబుతున్నారు. వినడం నేర్పే మనుషులు దగ్గర్లో ఉన్న ఇలాంటి చోట్ల మొదటి ఫలితానికే అవకాశం ఎక్కువ.

లీమ్మా తెర మీద రాస్త్ గాంధారాన్ని వేలితో పైకీ కిందకీ జరపొచ్చు. ఎక్కడ ఆపాలన్నది జరిపేవాళ్లే విని తేల్చుకోవాలి. సిరియా పాటలో అది ఒక చోట నిలుస్తుంది, ఈజిప్టు పాటలో ఇంకొంచెం కింద.